అమ్మవారు, చింతపండు, ఒక ఫార్థింగు

మా అత్తయ్యగారి కంట పడ్డాక నల్లగా మిగిలిన రాగి వస్తువు ఇంతవరకూ లేదు. తెనాలిలో ఆవిడ తోమిన బిందెలో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. అలాంటి మనిషి విజిటర్ వీసా మీద బర్మింగ్‌హామ్ వచ్చి, నాన్‌స్టిక్ పెనాలు తప్ప ఏమీ లేని మా వంటింట్లో ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు దొరికింది నా బిస్కెట్ల డబ్బా.

అందులో ఉన్నవి నేను సేకరించే పాత బ్రిటిష్ నాణేలు, ఎక్కువగా పెన్నీలు. 1971 ఫిబ్రవరి 15న దశాంశ లెక్కకు మారేదాకా ఇక్కడ పౌనుకు 240 పెన్నీలు. అప్పటిదాకా విక్టోరియా రాణి బొమ్మ కూడా చిల్లరలో తిరుగుతూనే ఉండేది కాబట్టి, అరగని పెన్నీ దొరకడం కష్టం. రాణిగారి కొప్పులో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే ఒక ధర, కలిసిపోతే ఇంకో ధర. పెన్నీకి రెండో వైపు బ్రిటానియా, అంటే బ్రిటన్ దేశమాత బొమ్మ, కూర్చుని ఉంటుంది. 1902 పెన్నీ మీద ఆవిడ వెనక సముద్రం, ఆవిడ కాళ్లు ఒకదాన్నొకటి దాటే చోటికి దిగి ఉంటే దాన్ని 'లో టైడ్', అంటే సముద్రపు ఆటు, అంటారు. నీళ్లు తగ్గితే ధర పెరుగుతుంది. మా ఊరి చెరువుకి ఈ సూత్రం పనిచేయదు.

గ్రేడు, అంటే అరుగుదల లెక్క, ఏదైనా నాణేన్ని తోమకూడదు. ఏళ్ల తరబడి పట్టిన ఆ గోధుమ రంగే దాని విలువ. ఒకసారి తోమారంటే డీలరు 'క్లీన్డ్' అని రాసి పక్కకి తోసేస్తాడు.

శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి పెన్నీలన్నీ దేవుడి గూట్లో తళతళలాడుతున్నాయి. చింతపండు, ఉప్పు, పైగా స్టీలు పీచు.

"చేతిలో త్రిశూలం, పక్కన డాలు. ఏ అమ్మవారో గానీ అల్లుడుగారూ, ఇలా మసి పట్టించి డబ్బాలో పడేస్తే ఇంటికి కలిసొస్తుందా?" అన్నారు. బ్రిటానియా నుదుట కుంకుమ కూడా పెట్టారు. భూతద్దం కింద పెట్టి చూస్తే రెండో వైపు రాణిగారి కొప్పు నిండా నాగలితో దున్నినట్టు గీతలు. పిల్లనిచ్చిన అత్తగారిని ఏమంటాం? కాఫీ బావుందన్నాను.

అసలు గొడవ ఫార్థింగుతో వచ్చింది. పెన్నీలో నాలుగో వంతు అది. కొత్త ఫార్థింగు మెరుస్తుంటే హాఫ్ సావరిన్ బంగారు కాసులా ఉండేది, సైజూ ఇంచుమించు అంతే. ఒక హాఫ్ సావరిన్‌కి 480 ఫార్థింగులు. జనం మోసపోకుండా 1897 నుంచి 1917 దాకా టంకశాల వాళ్లే వాటిని నల్లబరిచి వదిలేవారు. అదే డబ్బాలో ఉన్న నా 1899 ఫార్థింగు ఆ నలుపు చెక్కుచెదరకుండా ఉండేది. శుక్రవారం పొద్దుటిదాకా.

వంటింట్లోంచి గుసగుసలు వినిపించాయి. "బంగారం కాసేనే! మీ ఆయన నల్లరంగు పూసి దాచాడు."

మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "ఎప్పుడు కొన్నారు?"

"అది కంచు! రంగు వేసింది నేను కాదు, లండన్ టంకశాల వాళ్లు."

"పాపం, వాళ్లకి వేరే పనేం లేదు మరి."

కేటలాగు తెచ్చి పేజీ తీసి చూపించాను. ఆవిడ పేజీ వదిలేసి అట్ట వెనక ధర చూసింది. టాపిక్ కాసేపు అటు మళ్లింది.

ఈలోగా అత్తయ్యగారు ఫార్థింగుని కొంగున ముడేసుకున్నారు. "ఊరెళ్లాక మన కంసాలి చేత గీటు పెట్టిద్దాం. అప్పటిదాకా నా దగ్గర ఉంటుందిలెండి."