‘ఏం కూర?’ గారికి నమస్కరించి రాయునది

గౌరవనీయులైన ‘ఏం కూర?’ గారికి,

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ఉద్యోగస్తురాలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పనే లేదు. ఫోన్ ఎత్తితే మీరే, లిఫ్ట్ ఎక్కితే మీరే, మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ డబ్బా మూత తియ్యకముందే మీరే. వానలు పడ్డాయా, పిల్లలు బాగున్నారా అన్న ప్రశ్నలన్నీ మీ వెనకే లైన్లో నిలబడాలి.

రాత్రి ఎనిమిదిన్నరకి మా అత్తయ్య సూర్యాపేట నుంచి ఫోన్ చేస్తారు. "తిన్నరా?" అని మొదలుపెడతారు. అంతవరకు బాగానే ఉంటుంది. ఆ వెంటనే మీరు దిగుతారు. "ఏం కూర చేసినవ్ బిడ్డా?" అప్పటికి నేను రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, చైతన్యపురిలో దిగి, ఇంటికొచ్చి చెప్పులు విప్పి ఎంతోసేపు అయ్యుండదు. మా ఆయన కూడా అదే టైంకి, అంతే అలసటతో వస్తాడు. ఆయన్ని మాత్రం "ఆఫీసుల పని ఎక్కువున్నదా బిడ్డా?" అని అడుగుతారు. మీరు ఒక్కసారైనా ఆయన గడప తొక్కినట్టు నాకు గుర్తు లేదు. మొహమాటమో, దారి తెలియకో మరి.

నా ఫిర్యాదు ఏమిటంటే, ఒంట్లో ఓపిక లేదని మేం అనుకునే రాత్రుల్లో సగం మీ పుణ్యమే. బియ్యం కడిగి, ఒకటికి రెండు నీళ్ళు పోసి కుక్కర్ పెట్టడానికి పెద్ద ఓపికేం కావాలి? అన్నం పాపం తన మానాన తనే అవుతుంది. కూర అలా ఊరుకోదు. నిన్న వంకాయ, మొన్న బెండకాయ. సొరకాయ పిల్లలు ముట్టరు. గోంగూర వలవాలి. కాకరకాయ చేదు తియ్యడానికి ఉప్పు రాసి పెట్టేంత టైం లేదు. మీరు ఎలాగూ అడుగుతారని తెలుసు కాబట్టి, మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడి, మీకు జవాబు వెతుక్కుంటూ వస్తాను. టెన్షన్ అంతా అక్కడే.

మీ దెబ్బకి ఈ ఊళ్ళో ఒక వ్యాపారమే పుట్టింది. కర్రీ పాయింట్! మా వీధి మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. టమాటా పప్పు, దొండకాయ వేపుడు, సాంబారు కవర్లలో పోసి, మూతి మెలిపెట్టి, దారం గిరగిరా చుట్టి చేతిలో పెడతారు. అన్నం ఇంట్లో, కూర బయట. ఎన్నో హైదరాబాద్ కాపురాలు ఈ ఒప్పందం మీదే నడుస్తున్నాయి. ‘అన్నం పాయింట్’ అని ఎక్కడైనా బోర్డు చూశారా? లేదు. ఎందుకంటే "ఏం అన్నం?" అని ఎవరూ అడగరు. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతా నిషేధం. పొగలు కక్కే సాంబారు మాత్రం ఇంకా గోరు తగిలితే చిరిగే కవర్లోనే మా ఇంటికొస్తోంది. మీ ముందు చట్టం కూడా చేతులెత్తేసినట్టుంది.

ఇక మీ లెక్కలోకి రాని వాళ్ళ సంగతి. పచ్చిపులుసు గురించి చెప్తాను, కాస్త కూర్చోండి. నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చని నీళ్ళలో పడేసి మొహం కడుక్కుని రావాలి. ఈలోపు అది నానుతుంది. రెండు పచ్చిమిరపకాయలు ఫోర్కుకి గుచ్చి స్టవ్ మంట మీద తిప్పితే తోలు బొబ్బలెక్కి, ఇల్లంతా ఒక ఘాటు. ఉల్లిపాయ సన్నగా తరిగి, ఉప్పు వేసి, ఆ మిరపకాయలతో కలిపి చేత్తో గట్టిగా పిసకాలి. గరిటెతో కలిపితే ఆ రుచి రాదు, నన్ను నమ్మండి. చింతపండు రసం పోసి, చిన్న బెల్లం ముక్క, ఒక చెంచా వేయించిన నువ్వుల పొడి, కొత్తిమీర. పైన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. అన్నం కుక్కర్ ఆవిరి పోయేలోపు పులుసు సిద్ధం. ఇంత చేసి ఫోన్లో చెప్తే ఏమైందో వినండి.

"పచ్చిపులుసు చేసిన అత్తయ్యా."

"మంచిగుంటది. మరి కూర?"

చూశారా! గుడ్డుదీ ఇదే కథ. నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ రోజూ హైదరాబాద్ రేటు ప్రకటించేంత హోదా ఉంది దానికి. పెనం మీద ఇంత నూనె, ఉల్లికారం, పైన రెండు గుడ్లు కొడితే కడుపు నిండుతుంది. మీ దృష్టిలో మాత్రం అది "ఏదో గుడ్డు". వేడన్నంలో ఎల్లిపాయ కారం, నెయ్యి వేసుకుని తిన్నానంటే అవతలి వాళ్ళు జాలిపడతారు. పులిసిన దోసె పిండితో ఊతప్పం వేసుకుంటే అది టిఫినట, భోజనం కాదట!

అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మిగిలిన అన్నానికి తాలింపు పెట్టుకుని, ఇంత నిమ్మరసం పిండుకు తినే రాత్రులు ఎన్ని లేవు! బాసిల్లస్ సెరియస్ అని ఒక బ్యాక్టీరియా ఉంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి మొలిచి, పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు చేయించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. మన ఎండాకాలంలో ఇంకా ముందే. మీరెప్పుడైనా "అన్నం ఎప్పటిది?" అని అడిగిన పాపాన పోయారా?

మిమ్మల్ని రద్దు చెయ్యమని అనడం లేదు. ఆదివారం పొద్దున సరూర్‌నగర్ రైతుబజార్‌కి రండి. లేత వంకాయలు ఏరుతుంటే పక్కన నిలబడి అడగండి. గుత్తి వంకాయకి పల్లీలు, నువ్వులు వేయించి నూరేదాకా మీతో తీరిగ్గా మాట్లాడతాను. వారం మధ్యలో, రాత్రి ఎనిమిది దాటాక మాత్రం మా ఇంట్లో ఫోన్లు ఇకమీదట మా ఆయన ఎత్తుతాడు. ఆయనకు మీరు కొత్త. కాస్త నెమ్మదిగా అడగండి.

ఇట్లు,
కుక్కర్ మూత ఇంకా తియ్యని
ఒక దిల్‌సుఖ్‌నగర్ ఇల్లాలు