బడి గడప తొక్కి చూద్దాం

మొన్న మార్చిలో మా బిల్డింగు లిఫ్టులో ఒక చెల్లెమ్మ పలకరించింది. ఖమ్మం నుంచి వచ్చి మూడు నెలలైందట. పాపకి ఐదేళ్ళు నిండబోతున్నాయి. ఏ ఊరు, ఏం చేస్తారు అనుకోవడం అయ్యీ అవగానే అడిగేసింది: "అక్కా, మన ఏరియా స్కూలుకి రేటింగ్ పదికి నాలుగే చూపిస్తోంది. మేం ఎడిసన్ లాంటి ఊరికి వెళ్ళిపోవాలంటారా?"

న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ ప్రాంతంలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పిల్లలకు ఐదేళ్ళు వచ్చేసరికి సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయిన కుటుంబాలు మా బిల్డింగులోనే ఎన్నో. పెరడు కావాలని, పెద్ద ఇల్లు కావాలని వెళ్ళేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఇళ్ళు అమ్మే యాప్‌లో ధర కింద కనిపించే ఒక్క అంకెను పట్టుకుని, బడి గడప కూడా తొక్కకుండా, "అక్కడి స్కూళ్ళు బాగోవు" అని వాట్సాప్ గ్రూపులో తేల్చేయడం మాత్రం తప్పు. ఆ పిల్లలకీ, ఆ టీచర్లకీ మనం చేస్తున్న అన్యాయం అది.

ఆ అంకె చాలావరకు రాష్ట్రం పెట్టే పరీక్షల మార్కులను బట్టి వచ్చేది. న్యూజెర్సీలో ఆ పరీక్షలు మూడో తరగతి నుంచి మొదలవుతాయి. మీ ఐదేళ్ళ పాప కూర్చోబోయే తరగతి గురించి ఆ మార్కులు చెప్పేది ఏముంది? పైగా ట్యూషన్లకు వెళ్ళే పిల్లలు, నిన్నగాక మొన్న ఈక్వడార్ నుంచో ఈజిప్టు నుంచో వచ్చి ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతున్న పిల్లలు, అందరి మార్కులూ ఒకే కుప్పలో పోసి సగటు తీస్తారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ షాన్ రియర్డన్ దేశమంతటి మార్కులను జల్లెడ పట్టి తేల్చిందేమిటంటే, సగటు మార్కులు చాలావరకు ఆ కుటుంబాల ఆర్థిక స్థితిని బట్టి ఉంటాయి. పిల్లలు ఏటేటా ఎంత నేర్చుకున్నారన్నది మాత్రం డబ్బుతో అంతగా ముడిపడి లేదు.

మనకు ఈ అంకెల మీద ఎందుకంత గురో నాకు తెలుసు. టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ర్యాంకులు చదువుతుంటే వింటూ పెరిగాం. అదే కాలేజీలో చివరి సెక్షన్లో కూర్చున్న పిల్లలు ఏమయ్యారో ఆ ప్రకటన ఏనాడూ చెప్పలేదు. ఇక్కడ మెక్‌నెయిర్ అకడమిక్ హైస్కూలు పేరెత్తితే మనవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. మంచి స్కూలే, అందులో అనుమానం లేదు. కానీ అది పిల్లల్ని ఏరి చేర్చుకుంటుంది. పాలిసేడ్ అవెన్యూ గుట్ట మీద 1906 నుంచీ ఉన్న డికిన్సన్ హైస్కూలు, చదువు మధ్యలో విమానం దిగి వచ్చిన పిల్లల్ని కూడా కాదనకుండా చేర్చుకుంటుంది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తాం? ప్రభుత్వ డబ్బుతోనే విడిగా నడిచే చార్టర్ స్కూళ్ళు లాటరీ తీస్తాయి నిజమే, కానీ గడువులోగా దరఖాస్తు పెట్టే తీరిక, తెలివిడి ఉన్న ఇళ్ళే ఆ లాటరీ దాకా వస్తాయి.

మరి పోల్చొద్దా అంటే, పోల్చాలి. ప్రతి బడికీ రాష్ట్ర విద్యాశాఖ ఏటా ఒక నివేదిక ఇస్తుంది. నేనందులో ముందుగా గ్రోత్ పర్సంటైల్ వెతుకుతాను. అంతకుముందు ఇవే మార్కులు తెచ్చుకున్న పిల్లలు రాష్ట్రమంతటా ఎంత ముందుకు వెళ్ళారో, వాళ్ళతో పోలిస్తే ఈ బడి పిల్లలు ఎక్కడున్నారో అది చెబుతుంది. 50 అంటే నడిమధ్య. తర్వాత హాజరు చూస్తాను. 180 రోజుల్లో 18 రోజులు, అంటే 10 శాతం, బడి మానేసిన పిల్లలు ఎంతమంది? ఆ రెండూ చూశాక లాప్‌టాప్ మూసి చెప్పులేసుకుంటాను.

మా బాబు కోసం రెండు బళ్ళకు వెళ్ళాను. రేటింగ్ ఎక్కువున్న చోట ఆఫీసు కిటికీ దగ్గర కాసేపు నిలబెట్టి, రంగుల కరపత్రం చేతిలో పెట్టి పంపించారు. రెండో చోట, రెండో తరగతి గది బయట గోడ నిండా పిల్లల రాతలు. ఒక్కొక్కరివి మూడేసి కాగితాలు. ఒక పాప మొదటి కాగితంలో వాళ్ళ తాతయ్య గురించి రెండే వాక్యాలు రాసింది. టీచరు పక్కనే పెన్సిల్‌తో అడిగింది: "ఆయన చేతులు ఎలా ఉంటాయి?" మూడో కాగితంలోకి ఆ చేతులు వచ్చాయి, రొట్టెలు కాల్చి కాల్చి పడిన మచ్చలతో సహా. నేను అక్కడే నిలబడి రెండుసార్లు చదివి, వెళ్ళి ఫారం అడిగాను.

ఆ ఫారం దగ్గర ఇంకో మాట. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగిన గడిలో మనవాళ్ళు చాలామంది భయపడి ఇంగ్లీషు అని రాస్తారు. పిల్లాణ్ణి ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకు విడిగా నేర్పే ఈఎస్ఎల్ క్లాసులో వేస్తారేమో, వెనకబడతాడేమో అని. నేను తెలుగు అనే రాశాను. ఏడాది పాటు ఒక టీచరు రోజూ వాణ్ణి కాసేపు విడిగా కూర్చోబెట్టుకుని చదివించింది. అలాంటి సాయాన్ని మనమే అబద్ధం రాసి వదులుకుంటున్నాం.

లోటుపాట్లు లేవని అనను. ఒక ఏడాది నవంబరు దాకా మా వాడి క్లాసుకి లెక్కల టీచరే లేరు. నలుగురు తల్లులం ఊరి స్కూళ్ళను నడిపే బోర్డు మీటింగుకి వెళ్ళి మైకు ముందు నిలబడి అడిగాం. ఆ బోర్డులోని తొమ్మిదిమందినీ ఊరివాళ్ళే ఎన్నుకుంటారు. 1989లో జెర్సీ సిటీ బళ్ళను రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. ఒక రాష్ట్రం అలా చేయడం ఈ దేశంలో అదే మొదలు. ఆ అధికారం తిరిగి ఊరి చేతికి రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఆ సాయంత్రం హాల్లో వెనక్కి తిరిగి చూస్తే, మా నలుగురం తప్ప తెలుగు ముఖం కనబడలేదు.

బతుకమ్మకీ, ఉగాదికీ హాళ్ళు నింపే తెలుగు సంఘం మనది. కొత్తగా వచ్చిన కుటుంబాలను నలుగురైదుగురిని కలిపి, ముందే కబురు పెట్టి, దగ్గర్లోని రెండు మూడు బళ్ళు చూపించి తీసుకురావడం మనకు పెద్ద పని కాదు. కార్యవర్గం ఈ వసంతంలోనే మొదలుపెట్టాలి.

వచ్చే మంగళవారం తొమ్మిదిన్నరకి ఆ చెల్లెమ్మతో కలిసి మా ఏరియా బడికి వెళుతున్నాను. పాపను కూడా తీసుకురమ్మన్నాను. గోడ మీది రాతలు అడిగి మరీ చూపిస్తాను. మీ ఇంట్లోనూ ఈ ఏడాది బడికి వెళ్ళబోయే పిల్లలుంటే, మాతో రండి.