మొదటి ఏడాదిలోనే ల్యాప్‌టాప్ కొనిపించడం ఆపండి

బీఆర్క్‌లో, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీలో, సీటు వచ్చిందన్న సంతోషం చాలా ఇళ్లలో నాలుగు రోజులు కూడా నిలవడం లేదు. కాలేజీవాళ్లు చేతిలో పెట్టే సామాన్ల జాబితాలో డ్రాయింగ్ బోర్డు, టీ స్క్వేర్, షీట్లతో పాటు ల్యాప్‌టాప్ కూడా ఉంటోంది. 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ తప్పనిసరి అంటున్నారు. అలాంటిది కొనాలంటే 70, 80 వేలు దగ్గర పెట్టుకోవాలి. కాస్త మంచిది చూస్తే లక్ష.

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం, పూతలపట్టు వైపు మామిడి రైతుల ఊళ్ల నుంచి తిరుపతికి చదువుకోవడానికి వచ్చే పిల్లల ఇళ్లలో ఈ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, ప్రభుత్వం తన వంతు 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలు అందేలా చూస్తామంది. ఆ ధరే చేతికొచ్చిందనుకున్నా 80 వేల ల్యాప్‌టాప్ అంటే ఆరున్నర టన్నులకు పైగా కాయలు. కోత కూలి, బాడుగ, మందుల ఖర్చు తీయకముందు లెక్క ఇది.

అవసరమైతే అప్పు చేసైనా కొంటారు, మనవాళ్లు చదువు దగ్గర వెనకాడరు. అవసరం లేదన్నదే నా వాదన. మొదటి రెండేళ్లు ఆర్కిటెక్చర్ విద్యార్థికి సొంత కంప్యూటర్ అక్కర్లేదు. ఉంటే మంచిదే కదా అనే మాటను కూడా నేను ఒప్పుకోను.

ఆ డబ్బు దేనికి పోతోందో చూడండి. ప్లాన్, సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీయడానికి ఖరీదైన కంప్యూటర్ అవసరం లేదు. ఆటోక్యాడ్‌లో టూడీ డ్రాయింగ్ మామూలు కంప్యూటర్ మీద సాఫీగా నడుస్తుంది. విద్యార్థులకు ఆటోడెస్క్ లైసెన్స్ ఉచితంగానే ఇస్తుంది. స్కెచప్‌ను బ్రౌజర్‌లో ఉచితంగా వాడుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డ్ కావాలని అడిగేవి లూమియన్, ఎన్‌స్కేప్ లాంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లు. అంటే తండ్రి కట్టే అదనపు డబ్బంతా ఇంటిని ఫొటోలాగా చూపించడానికే. ఆ ఇల్లు ఎలా ఉండాలో ఆలోచించడానికి అందులో ఒక్క రూపాయీ పోవడం లేదు. పైగా వేడెక్కితే ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, ఏసీ లేని హాస్టల్ గదిలో దాని పూర్తి సత్తా బయటికి రాదు.

కోర్సు ఐదేళ్లు. కంప్యూటర్ మీద బరువైన పని పడేది నాలుగో ఏడాదిలో, ఆ తర్వాత థీసిస్‌లో. మొదటి ఏడాది కొన్న ల్యాప్‌టాప్‌కు అప్పటికి వారంటీ అయిపోతుంది, బ్యాటరీ నీరసపడుతుంది, కొత్త వెర్షన్లు దాని మీద ఈడ్చుకుంటూ నడుస్తాయి. సరిగ్గా థీసిస్ ముందు రెండోసారి కొనాల్సి వచ్చిన ఇళ్లు నాకు తెలుసు.

ఆడపిల్లల హాస్టల్ గేటు చీకటి పడగానే మూసేస్తారు, ల్యాబ్ ఐదింటికే తాళం పడుతుంది, సబ్మిషన్ ముందు రాత్రి పిల్లలు ఎక్కడ పని చేసుకోవాలని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ తాళం వేస్తున్నది కాలేజీ. ఆ తాళానికి రైతు ఎందుకు డబ్బు కట్టాలి? ఇక ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ వస్తేనే ఉద్యోగం ఇస్తారన్న మాట నిజమే. మూడో ఏడాదిలో మొదలుపెట్టినా అది నేర్చుకోవడానికి బోలెడంత సమయం ఉంటుంది.

చేతికి స్కేలు, అంటే అసలు కొలతను కాగితం మీద ఎన్నో వంతుకు తగ్గించి గీయాలన్న లెక్క, అలవాటు కావడానికి మాత్రం మళ్లీ సమయం దొరకదు. అసలు నష్టం ఇక్కడే. స్క్రీన్ మీద మౌస్ చక్రం తిప్పితే తలుపు గడియ కూడా స్క్రీన్ నిండా కనిపిస్తుంది, ఇంకాస్త తిప్పితే లేఅవుట్ మొత్తం అదే స్క్రీన్‌లో ఇమిడిపోతుంది. ఏది ఎంతో కంటికి ఆనదు. కాగితం మీద 1:100 స్కేలులో తొమ్మిది అంగుళాల గోడ అంటే రెండు గీతల మధ్య రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో టైల్స్ డిజైన్ గీయడానికి చోటుండదు. గదులు ఎలా అమరాలి, గాలి ఎటు నుంచి ఎటు పోవాలి అన్నది తేల్చుకోక తప్పదు. 1:20కి వచ్చేసరికి కిటికీ కింద గట్టు, మెట్టు ఎత్తు పట్టించుకోవాలి. ఎప్పుడు దేని గురించి ఆలోచించాలో స్కేలే నేర్పుతుంది. 90 సెంటీమీటర్ల వెడల్పు బాత్రూం గీసి, అందులో మనిషి ఎలా తిరుగుతాడో తోచని పిల్లల్ని జ్యూరీల్లో (పిల్లల డిజైన్లను పరీక్షించి మార్కులేసే చోట) చూస్తున్నాను. వాళ్ల రెండర్లు, అంటే కంప్యూటర్ తీసిన ఫొటోలాంటి బొమ్మలు, మాత్రం అద్భుతంగా ఉంటాయి.

చంద్రగిరి కోట తిరుపతికి ఎంతో దూరం లేదు. టేపు, ప్యాడ్ ఇచ్చి పిల్లల్ని రాజమహల్ కొలవమనండి. ఒకరు టేపు కొస పట్టుకోవాలి, ఒకరు అంకె చదవాలి, ఒకరు రాసుకోవాలి. కిటికీ లోపలి గట్టు మీద చెయ్యి చాపితే గోడ మందం తెలుస్తుంది. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు ఎలా నిలిచాయో గీస్తూ గీస్తూ అర్థమవుతుంది. 1516లో కట్టిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కళ్లముందే కూలిపోయింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అలా పోకముందే కొలిచి గీయాల్సినవి ఇంకా ఎన్ని ఉన్నాయో!

ఒక జ్యూరీలో కుర్రాడు గోడంతా అద్దాలతో చక్కటి బొమ్మ చూపించాడు. పడమర ఎటు అని అడిగితే చాలాసేపు ఫైల్‌లో వెతికాడు. ఆ గోడ పడమరకే ఉంది. ఉత్తరానికి తిప్పేస్తానన్నాడు. తిరుపతిలో అదీ పూర్తిగా కుదరదు. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. సాఫ్ట్‌వేర్‌లో సూర్యుణ్ని ఎటు కావాలంటే అటు పెట్టుకోవచ్చు. మిద్దె మీద మధ్యాహ్నం ఒక గంట నిలబడితే ఆ వెసులుబాటు ఉండదు.

ఈ అలవాటు కాలేజీ గేటు దగ్గర ఆగడం లేదు. 2022లో తిరుపతి రైల్వే స్టేషన్ కొత్త డిజైన్ బొమ్మల్ని రైల్వే మంత్రి విడుదల చేస్తే, ఇది ఏ ఐటీ కంపెనీ ఆఫీసో అన్నట్టుందని జనం మండిపడ్డారు. నిగనిగలాడే బొమ్మకు లోటు లేదు, ఊరి జాడే అందులో కనిపించలేదు. ఊళ్లో కొత్తగా లేస్తున్న లాడ్జీలను, ఆస్పత్రులను చూడండి. ముందంతా అద్దాలు, అల్యూమినియం షీట్లు. కిటికీ మీద అడుగున్నర సన్‌షేడ్ కూడా లేదు. పగలంతా ఏసీ వేస్తే తప్ప లోపల కూర్చోలేరు. కొండకు నడిచి వెళ్లొచ్చిన మనిషి పది నిమిషాలు కూర్చోవడానికి బయట అరుగంత చోటు లేదు. రెండర్ చూసి ఓనరు మురిసిపోయి సంతకం పెడితే కట్టిన భవనాలివి. వీటిని గీసినవాళ్లు మన కాలేజీల్లోంచి వచ్చినవాళ్లే.

వచ్చే అడ్మిషన్ల నాటికి మొదటి ఏడాది జాబితాలోంచి ల్యాప్‌టాప్ తీసేయాలి. ల్యాబ్‌ను రాత్రి పన్నెండు దాకా తెరిచి ఉంచాలి. ఆడపిల్లల హాస్టల్ లోపలే ఒక గదిలో మంచి డెస్క్‌టాప్‌లు పెట్టాలి. అదే డబ్బుకు ల్యాప్‌టాప్ కన్నా బలమైనవి వస్తాయి. మొదటి రెండేళ్లు జ్యూరీకి చేత్తో గీసిన షీట్లే అడగాలి. ల్యాప్‌టాప్ ఎప్పుడు తెస్తావని మాస్టారు అడిగితే ‘మూడో ఏడాదిలో సార్’ అని పిల్లలు ధైర్యంగా చెప్పాలి. దానికి మార్కులు కోస్తే, ప్రిన్సిపాల్ గదికి వెళ్లి ఎందుకు కోశారో తల్లిదండ్రులే అడగాలి.