పసిపిల్లలకు హమ్మస్ పెట్టొద్దన్న మెసేజ్‌కు జవాబు

"మూడేళ్లు నిండేదాకా పిల్లలకు హమ్మస్ పెట్టకండి" అని తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. హమ్మస్ అంటే ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం కలిపి మెత్తగా రుబ్బిన ముద్ద. దానికి చెప్పిన కారణాలు మూడు. కాబూలీ శనగలు పసికడుపుకు అరగవట. నువ్వులు వేడి చేస్తాయట. నిమ్మరసం పాలను కడుపులో విరగ్గొడుతుందట. అంతగా పెట్టాలనుకుంటే ఇంట్లో చేసింది వద్దు, షాపులో డబ్బా కొనమంటున్నారు. లెబనాన్, సిరియా, పాలస్తీనా ఇళ్లలో మామూలు తిండి ఇది. మన దగ్గర మాత్రం ఈ మెసేజ్ చూసి భయపడి మానేస్తున్నారు.

ముందు నిమ్మరసం సంగతి, ఎందుకంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట అదే. తల్లిపాలైనా ఆవుపాలైనా కడుపులోకి వెళ్లగానే అక్కడి ఆమ్లం, ఎంజైములు వాటిని విరగ్గొడతాయి. అరుగుదల అలాగే మొదలవుతుంది. బిడ్డ పాలు కక్కినప్పుడు కనిపించే తెల్లటి తునకలు అవే. చెంచాడు నిమ్మరసం కొత్తగా చేసే హాని ఏమీ లేదు, మేలు మాత్రం ఉంది. ఉడికిన శనగలు 100 గ్రాముల్లో సుమారు 9 గ్రాముల ప్రోటీన్, దాదాపు 3 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటాయి. పప్పుధాన్యాల్లోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, నిమ్మలోని విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇలాంటి చోట నిమ్మ పిండొద్దని చెప్పడం నాకు చాలా బాధగా ఉంది. హమ్మస్‌కూ పాలకూ మధ్య కాస్త ఎడం ఉంచితే మంచిదే, కానీ దానికి కారణం వేరు: పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు.

ఇక అరగకపోవడం. ఈ మాటలో కొంత నిజముంది. శనగల్లోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగక, పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. అవి కొంతవరకు నానబెట్టిన నీళ్లలోకి దిగుతాయి. కాబట్టి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో పెట్టండి. ఇన్ని విజిల్స్ అని లెక్క పెట్టుకోకండి, వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. మీద పొట్టు తీసేస్తే ఇంకా నునుపుగా వస్తుంది. సోడా అక్కర్లేదు, ఇంకాసేపు ఉడికితే చాలు. మొదట ఈ శనగల ముద్ద ఒకటి రెండు చెంచాలు పెట్టి, అలవాటయ్యాక పెంచండి.

నువ్వుల విషయంలో "వేడి" గురించి కాదు, అలర్జీ గురించి జాగ్రత్తపడాలి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థంగా లేబుల్ మీద రాయడం తప్పనిసరి చేశారు. అలాగని మూడేళ్లదాకా ఆపితే అలర్జీ రాకుండా పోదు. ఆరు నెలలు దాటి, పై తిండి తింటున్న బిడ్డకు ఇలాంటి పదార్థాలను ఆలస్యం చేయకుండా అలవాటు చేయమనే ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. నువ్వులు దోరగా వేయించి మెత్తటి ముద్ద చేసి, మొదటిసారి పావు చెంచా మాత్రమే, పగటిపూట పెట్టి, రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. దద్దుర్లు, వాంతులు వచ్చినా, మొహం వాచినా ఇంక పెట్టకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గానీ, గుడ్డు, వేరుశనగల అలర్జీ గానీ ఉన్న పిల్లలకైతే ముందే పిల్లల డాక్టరును అడగాలి.

షాపు డబ్బా మంచిదన్న మాటకు ఆధారం లేదు. ఏడాది నుంచి మూడేళ్ల వయసు పిల్లలకు రోజు మొత్తానికి 2 గ్రాముల ఉప్పు మించకూడదని బ్రిటన్ ఆరోగ్య శాఖ సలహా. అంటే టీ చెంచాలో మూడో వంతు. కొన్న హమ్మస్‌లో ఉప్పు ఎంతన్నది మన చేతిలో ఉండదు, ఇంట్లో అసలు వేయకుండానే చేయొచ్చు. నిమ్మ ఉంది కదా, పాడవదులే అనుకోవద్దు. చేసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. మన ఎండాకాలంలో బయట గంటకు మించి ఉంచకూడదు. బిడ్డ ఎంగిలి చెంచా గిన్నెలో ముంచకండి, తినేంత వేరే తీసుకోండి.

ఇన్ని భయాలు చెప్పిన ఆ మెసేజ్‌లో అసలు ప్రమాదం గురించి ఒక్క ముక్క లేదు. నాలుగేళ్లలోపు పిల్లలకు శనగ గింజ గింజగానే ఇస్తే గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగిపోవచ్చు. శ్రావణమాసం పేరంటాల్లో వాయనంగా వచ్చే నానబెట్టిన శనగలైనా, ఉడికించి పోపు పెట్టినవైనా అంతే. హమ్మస్ కూడా ముద్దగా నోట్లో పెట్టకుండా, కాసిని నీళ్లు కలిపి పల్చన చేసి, మెత్తని చపాతీ ముక్క మీద పలుచగా రాసి, కూర్చోబెట్టి మీ కళ్లెదుట తినిపించండి.