ముసలితనం జీన్‌ని ‘ఆన్’ చేసే పొడి ఉందా?

ఉప్పల్ నుంచి మియాపూర్ దాకా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ముసలితనానికి కారణం డబ్ల్యూఆర్‌ఎన్ అనే జీన్ అట. దాన్ని మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే కనిపెట్టారట. ముప్పై లోపే జుట్టు నెరిస్తే అది పాడైనట్టేనట. ఇంట్లో ఒకరికుంటే అందరికీ వస్తుందట. ఫలానా పొడి పరగడుపున తాగితే మళ్లీ ‘ఆన్’ అవుతుందట.

సీసీఎంబీ సంగతి ముందు తేల్చేద్దాం. ఈ జీన్‌ని గుర్తించింది 1996లో, అమెరికాలోని సియాటిల్ పరిశోధకుల బృందం. హబ్సిగూడలోని ఆ సంస్థ పేరు చెబితే హైదరాబాద్‌లో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరని ధీమా కాబోలు.

ఇక ‘ముసలితనానికి కారణం’ అన్న మాట పూర్తిగా తలకిందులు. డబ్ల్యూఆర్‌ఎన్ ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది తయారు చేయించే ఎంజైమ్ హెలికేస్ రకానిది. జడ పాయలు విప్పినట్టు డీఎన్ఏ మెలికను విప్పుతుంది. డీఎన్ఏకి కాపీ తీసేటప్పుడు, తెగినచోట మరమ్మతు చేసేటప్పుడు ఈ పని తప్పదు. అంటే మనల్ని కాపాడే జీన్ ఇది. ఇది లేకపోతేనే చిక్కు. అప్పుడు వచ్చే జబ్బు పేరు వెర్నర్ సిండ్రోమ్, దాన్ని 1904లో ఒట్టో వెర్నర్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. టీనేజీలో ఎత్తు పెరగడం ఆగిపోతుంది. ఇరవైల్లో జుట్టు నెరుస్తుంది, ముప్పై ప్రాంతంలో కంటి శుక్లాలు, ఆపైన షుగర్, చీలమండ దగ్గర మానని పుండ్లు. యాభైలు దాటేలోపే చాలామంది గుండెపోటుతోనో కాన్సర్‌తోనో పోతారు.

తెల్ల వెంట్రుక ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. దానికి వంశపారంపర్యం, బీ12 లోపం, థైరాయిడ్, సిగరెట్ లాంటి మామూలు కారణాలు బోలెడు. పైన చెప్పినవి రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం హైదరాబాద్ ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ చూపించుకోవాలి.

‘అందరికీ వస్తుంది’ అన్నది పెళ్లి సంబంధాలు చెడగొట్టే రకం అబద్ధం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఈ జీన్ కాపీలు రెండూ చెడితేనే ఈ జబ్బు. ఒక్క కాపీ చెడినవాళ్లకు రాదు. అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 25 శాతం. మనం జాగ్రత్తపడాల్సింది మేనరికాల దగ్గర. మేనమామనో బావనో చేసుకుంటే ఒకే తాత నుంచి దిగిన చెడు కాపీ రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరవచ్చు. ఆ ముక్క మెసేజ్‌లో లేదు. దానికి పొడి అమ్ముడుపోదు కదా!

పొడి విషయానికొస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ జీన్ ఇప్పటికే పనిచేస్తోంది. వెర్నర్ రోగిలో అసలు జీన్‌లోనే తప్పుంది. కడుపులో అరిగిపోయే పొడి ఏదీ దాన్ని సరిచేయలేదు. పైగా పరిశోధకులు ఇప్పుడు డబ్ల్యూఆర్‌ఎన్‌ని ఆపే మందుల మీద పనిచేస్తున్నారు. పెద్దపేగు, గర్భాశయ కాన్సర్లలో కొన్నింటికి డీఎన్ఏ తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఒకటి చెడి ఉంటుంది. ఆ కాన్సర్ కణాలు ఈ ఎంజైమ్ లేకుండా బతకలేవని 2019లో తేలింది. ఆ మందులు మనుషుల మీద ట్రయల్స్‌లో ఉన్నాయి. పొడి అమ్మేవాళ్లు మాత్రం అదే ఎంజైమ్‌ని, కాన్సర్ ఉందో లేదో కూడా అడక్కుండా, అందరిలో పెంచుతామంటున్నారు.