పదకొండో పరిచ్ఛేదం: లెవెల్

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద అన్నం తిని పదకొండు రోజులైంది. టేబుల్ నిండా గ్రామర్ ఉంది. కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుని తింటున్నాం. జరుగుతున్నది అంత గంభీరమైన పని గనక ఎవరం నోరెత్తడం లేదు. ఎనిమిదేళ్ళ మా మనవణ్ణి ఈ ఏడు బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నారు. లెక్కల పుస్తకం పది నిమిషాల్లో తేలిపోయింది. స్పెల్లింగ్‌కి అరగంట పట్టింది. గ్రామర్ దగ్గరకు వచ్చేసరికి బండి దిగబడింది. వాడికి రెండో లెవెల్ కొనాలా, మూడో లెవెల్ కొనాలా?

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నా క్లాసులో అరవై మంది ఉండేవారు. అరవై మందికీ ఒకటే లెవెల్: గంట కొట్టేదాకా. అందుచేత మొదట్లో ఈ సమస్య లోతు నాకు అందలేదని ఒప్పుకుంటున్నాను.

ముందు చట్టం సంగతి చెప్పాలి. టెక్సస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఆ మాట ఖాయం చేసింది. ఇంట్లో తప్పనిసరిగా చెప్పాల్సినవి ఐదు: చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం. జాబితా మళ్ళీ ఒకసారి చూడండి. సైన్సు లేదు. చరిత్ర లేదు. గ్రామర్ ఉంది. ఒక వ్యాకరణం మాస్టారి కళ్ళు చెమర్చడానికి ఇంతకన్నా ఏం కావాలి? మన దగ్గర పది మార్కుల బిట్లకు దిగజారిన శాస్త్రానికి ఇక్కడ పౌరసత్వం పక్కన పీట వేశారు.

అయితే ఆ చట్టంలోనే ఒక చిక్కుంది. చదువు పేరుకు కాకుండా నిజంగా చెప్పాలంటారే గానీ, చెప్పారో లేదో చూడ్డానికి ఎవరూ రారు. పరీక్ష లేదు, రిజిస్టర్ లేదు, పాఠ్యపుస్తకానికి అనుమతి అక్కర్లేదు. మా రోజుల్లో ఇన్‌స్పెక్షన్ అంటే ముందురోజు బోర్డుకి నల్లరంగు వేయించి, తెలివైన నలుగుర్నీ ముందు బెంచీకి జరిపేవాళ్ళం. దొరవారు వచ్చి, టీ తాగి, 'సంతృప్తికరం' అని రాసి వెళ్ళాక మళ్ళీ ఏడాది దాకా నిశ్చింత. ఇక్కడ ఆ దొర రాడు గనక ఆయన ఉద్యోగం కూడా మా అమ్మాయే చేస్తోంది, రాత్రి పన్నెండింటికి, ఫోన్ వెలుగులో. ఈ దొర టీ తాగి వెళ్ళిపోయే రకం కాదు.

ఇక లెవెళ్ళు. ఒక కంపెనీ వారి మూడు, ఇంకో కంపెనీ వారి ఐదు ఒకటేనట. ఒకరు అంకెలు వేస్తారు, ఒకరు అక్షరాలు వేస్తారు. 'లెవెల్ అంటే తరగతి కాదు' అని మొదటి పేజీలో లావుపాటి అక్షరాలతో అచ్చువేసి, రెండో పేజీలో ఏ లెవెల్ ఏ తరగతికో పట్టిక ఇచ్చినవారున్నారు. మళ్ళీ ఇందులో రెండు మతాలు. ఒక్కసారే గట్టిగా చెప్పి వదిలేయాలనేది ఒకటి. ప్రతి ఏడూ అదే పాఠానికి తిరిగి రావాలనేది రెండోది. రెండో మతం తాము కొత్తగా పుట్టించిందనుకుని ఇక్కడివాళ్ళు మురిసిపోతున్నారు. సవర్ణదీర్ఘ సంధికి ఆరో తరగతిలో 'రామాలయం', పదో తరగతిలో 'రామాలయం', డిగ్రీలో 'రామాలయం' చెప్పినవాణ్ణి నేను. ఆ గుడి ప్రాంగణం దాటి బయటికి వచ్చిన శిష్యుణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా అల్లుడుగారు ఈ మొత్తాన్ని ఎక్సెల్ షీట్‌లో పెట్టారు. పచ్చ, పసుపు, ఎరుపు. షీట్ చూశాక నా సంచీలోంచి బాలవ్యాకరణం తీసి టేబుల్ మీద పెట్టాను. చిన్నయసూరి ఈ తెలుగు వ్యాకరణాన్ని పది పరిచ్ఛేదాలుగా, అంటే అధ్యాయాలుగా, చేశాడు. పేరులో 'బాల' ఉందని మా అమ్మాయి ఆశగా తెరిచింది. "సంస్కృతమునకు వర్ణము లేఁబది" అన్న మొదటి వాక్యం దగ్గరే మూసేసి, "ఇది ఏ ఏజ్ గ్రూప్‌కి నాన్నా?" అంది. మేం భాషాప్రవీణ చదివే రోజుల్లో మీసాలొచ్చినవాళ్ళం దీని ముందు కూర్చుని ఏడ్చేవాళ్ళమని చెప్పలేదు. ఆ తరవాతి మెట్టు బహుజనపల్లి సీతారామాచార్యుల ప్రౌఢవ్యాకరణం. అంటే మనవాళ్ళకు ఉన్నవి రెండే లెవెళ్ళు, బాల, ప్రౌఢ. మధ్యలో ఒక జీవితం గడిచిపోతుంది.

అయినా నేను తగ్గలేదు. ఆ పుస్తకంలో 'బహుళము' అని ఒక గొప్ప మాట ఉందమ్మా అన్నాను. ఒక కార్యం బహుళంగా జరుగుతుందంటే, తప్పక జరగొచ్చు, అసలు జరగకపోవచ్చు, ఇష్టమైతే జరగొచ్చు, ఇవేవీ కాక మరొకటేదో కూడా జరగొచ్చు. ప్రపంచంలో ఏ గ్రామర్ కంపెనీకీ ఇంత నిజాయితీ లేదు. లెవెల్ కూడా బహుళమనుకుని ఏదో ఒకటి కొనెయ్యమన్నాను. అల్లుడుగారు ఆ మాటకు షీట్‌లో గడి లేదన్నారు.

ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టారు. ఇరవై ప్రశ్నలు. ఎనభై శాతం దాటితే పై లెవెల్, ఎనభైకి తగ్గితే కింది లెవెల్. మావాడికి సరిగ్గా పదహారు వచ్చాయి.

"నువ్వు చెప్పు నాన్నా, దాటితే అంటే ఎనభై కలుస్తుందా కలవదా?" అని అమ్మాయి నన్ను పట్టుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నా శాస్త్రాన్ని ఇంత ఆర్తితో అడిగినవారు లేరు. జవాబు మాత్రం నా దగ్గర లేదు. రెండు పెట్టెలూ తెప్పించారు. రెండోది సీలు తీసి చూశారు. సీలు తీసింది వాపసు తీసుకోరు. ఇంతలో పార్కులో కలిసే పిల్లల్లో వీడి ఈడువాడే ఒకడు నాలుగో లెవెల్లో ఉన్నాడని కబురొచ్చింది. పది నిమిషాల్లో మావాడు మూడోదానికి వెళ్ళిపోయాడు. చిన్నయసూరి వదిలేసిన పదకొండో పరిచ్ఛేదానికి మొదటి సూత్రం నాకు అప్పుడు తట్టింది: పొరుగింటి బిడ్డ పరంబగునపుడు లెవెలునకు వృద్ధి నిత్యముగా నగు. ఇది మాత్రం బహుళం కాదు.

మూడో లెవెల్లో వాక్యాలకు బొమ్మలు గీయిస్తారు. రీడ్, కెలాగ్ అని ఇద్దరు మాస్టార్లు 1877లో కనిపెట్టిన పద్ధతి. కర్తా క్రియా ఒక అడ్డగీత మీద కూర్చుంటాయి, విశేషణాలు కింద ఏటవాలుగా వేలాడతాయి. దండెం మీద ఉతికిన బట్టల్లా నాకు చూడముచ్చటగానే ఉంది. 1963లో అమెరికా ఇంగ్లీషు ఉపాధ్యాయుల జాతీయ మండలి ఒక నివేదిక అచ్చువేసింది. విడిగా గ్రామర్ పాఠాలు చెప్పడం వల్ల పిల్లల రాత బాగుపడేది బహు స్వల్పం, రాయాల్సిన సమయాన్ని తినేస్తుంది గనక చెరుపు కూడా చెయ్యొచ్చు అని అందులో తేల్చారు. ఆ సంగతి ఇంట్లో అనలేదు. నా పెన్షన్ ఆ పాఠాల మీద వస్తున్నదే.

మొన్న ఉదయం వంటింట్లోంచి కేక వినబడింది. "తాతయ్యా, పాలు పొంగింది!"

"పొంగింది కాదు నాన్నా, పొంగాయి" అన్నాను, కుర్చీలోంచే.

"మిల్క్ కౌంట్ చెయ్యలేం కదా. అప్పుడు వన్ అనే అనుకోవాలి. లెవెల్ టూలో ఉంది."

వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పాఠం వాడికి వంటబట్టింది, కాకపోతే వేరే భాషలో వడ్డించాడు. అప్పుడు నేను లేచి వెళ్ళి స్టవ్ ఆపి ఉండాల్సింది. కానీ పాలు, నీళ్ళు, కందులు, పెసలు నిత్యబహువచనాలని, వీటికి ఏకవచనం లేదని, అడిగే శిష్యుడు దొరికాడు కదా అని మొదలుపెట్టాను. పెసలు దాకా వచ్చేసరికి మాడు వాసన వచ్చింది. కాశీలో ఒక ముసలాయన 'డుకృఞ్ కరణే' అని ధాతువులు వల్లిస్తుంటే చూసి శంకరాచార్యులు జాలిపడ్డారంటారు. ఆయన పాలైనా పొయ్యి మీద పెట్టి ఉండడు.

ఆ మధ్యాహ్నం మా అమ్మాయి స్టవ్ తుడుస్తుంటే ఊరికే కూర్చోలేక ఆ ప్లేస్‌మెంట్ టెస్ట్ నేను రాశాను. ఇరవైకి పదకొండు. 'ఎ' ఎక్కడ పెట్టాలి, 'ది' ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర మట్టి కరిచాను. మన భాషలో ఆ రెండూ లేకుండానే వెయ్యేళ్ళ కావ్యాలు నడిచాయని వాదించి చూశాను. మార్కులు పెరగలేదు. అల్లుడుగారు షీట్‌లో నా పేరు మీద ఒక గడి తెరిచి ఎరుపు రంగు పూశారు. సీలు తీసిన రెండో లెవెల్ పెట్టె ఎలాగూ ఇంట్లో ఉంది.

అంచేత నాకిప్పుడు రోజూ పొద్దున తొమ్మిదింటికి క్లాసు. టీచరుకి ఎనిమిదేళ్ళు, ఎర్ర పెన్నంటే మహా ప్రీతి. నిన్న ఆరో పాఠం దిద్ది, కాగితం వాళ్ళమ్మకు చూపిస్తూ, "తాతయ్య బాగా రాసింది" అన్నాడు.

నోరు తెరిచాను. కానీ స్టవ్ మీద పాలున్నాయి.