ఉప్పు: తగినంత

ఎండాకాలంలో మామిడికాయలతో పాటు తెలుగునాట విరగకాసే పంట ఇంకొకటుంది, ఆవకాయ వీడియోలు. వాటిలో కారం ఎంతో చెబుతారు. ఆవపిండి ఎంతో చెబుతారు. నూనె ఏ కంపెనీదో, వెనకాల పెట్టిన జాడీ ఎక్కడ కొన్నారో, కట్టుకున్న చీర ఎవరు పెట్టారో కూడా చెబుతారు. తీరా ఉప్పు దగ్గరికి వచ్చేసరికి గొంతు తేనెలో ముంచి, "ఉప్పు మీ రుచికి తగినంత వేసుకోండి" అని తల ఊపుతారు.

ఏమి ఔదార్యం! ఏడాది నిలవుండాల్సిన పచ్చడిని నిలబెట్టే అసలు సరుకును మన నాలుకకి ధారపోశారు. స్లాబు పోసే మేస్త్రి ఇసుక లెక్క, కంకర లెక్క వివరంగా చెప్పి, "సిమెంటంటారా, ఇంట్లోవాళ్లకి ఎంత నచ్చితే అంత వేయించుకోండి" అంటే ఆ కప్పు కింద పడుకుంటామా?

ఈ ఉపదేశం అమలయ్యే తీరు చూసి తరించాలి. మే నెల మధ్యాహ్నం, వరండాలో పెద్ద బేసిన్, అందులో కారం, ఆవపిండి. పక్కన ఉప్పు తూచి పెట్టుకున్నారు, ఇంకా కలపలేదు. రుచి ఇంటిల్లిపాదిదీ కాబట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. ముందుగా బావగారు. ఆయనకి బీపీ. "డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడమ్మా" అన్నారో లేదో రెండు గుప్పిళ్లు డబ్బాలోకి వెనక్కి వెళ్లాయి. చేబదులు కాఫీపొడి కోసం వచ్చిన పక్కింటి పిన్నిగారు, ఇప్పుడంతా గులాబీరంగు ఉప్పేననీ, అది సగం వేసినా చాలుననీ ప్రకటించి, తెల్ల ఉప్పులో ఇంకో గుప్పెడు తీయించారు. గులాబీరంగు ఉప్పు ఇంట్లో లేదు. ఆ విషయం ఎవరికీ అడ్డనిపించలేదు. పిల్లవాడు తనకసలు ఆవకాయ వద్దన్నాడు; వాడి వాటా ఉప్పూ తగ్గించారు. ఇక అల్లుడుగారు. మిగిలిన ఉప్పు కలిపేశాక, రుచి చూసి చెప్పమని ఆయన్నే అడిగారు, మర్యాద కదా. ఆయన చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నారు. పచ్చి ఆవపిండి, గుంటూరు కారం కలిసి నాలుక మీద పడ్డాక మనిషికి ఉప్పు సంగతి గుర్తుంటుందా? తన పేరు గుర్తుంటే గొప్ప. ముక్కూ కళ్లూ ఏకమై కారుతుండగా ఆయన చెయ్యి ఊపారు. వద్దు, ఇక వద్దు అని ఆయన భావం. సరిపోయిందని సభ అర్థం చేసుకుంది. మూలన మంచం మీంచి మామ్మగారు "ఉప్పు చాలదే అమ్మాయీ" అని రెండుసార్లు అన్నారు. టీవీ మోతలో వినబడలేదు. తీర్మానం ఏకగ్రీవం.

రుచి చూసి ఉప్పు వేయడం పప్పులో చెల్లుతుంది. పులుసులో చెల్లుతుంది. కలిపిన రోజు ఆవకాయలో చెల్లదు. ఆ రోజుకి ముక్కలో నీరు ఊరలేదు, ఉప్పు కరగలేదు, ముక్క లోపలికి ఏమీ దిగలేదు. అప్పుడు నాలుక చెప్పేది పొడి రుచి, పచ్చడి రుచి కాదు.

అందుకని సిగ్గుపడకుండా లెక్క చెప్పుకుందాం. టెంకతో సహా కొట్టించి, జీడి తీసి, దాని కింది పల్చటి పొర గీకి, పొడిబట్టతో తుడిచిన ముక్కలు ఒక కిలో. కాయలు కిలో కాదు, ముక్కలు కిలో. కారం 200 గ్రాములు, ఆవపిండి 200 గ్రాములు, ఉప్పు 200 గ్రాములు, మెంతులు రెండు చెంచాలు, నువ్వులనూనె 450 మిల్లీలీటర్లు. కాయ పళ్లు పులిసిపోయేంత పుల్లగా ఉంటే ఉప్పు 180కి దించేవాళ్లున్నారు, అదీ నిలుస్తుంది. 150 కిందికి దిగారా, అది ఆవకాయ కాదు, ఫ్రిజ్‌లో పెట్టుకుని గబగబా తినేయాల్సిన మామిడికాయ పచ్చడి. తినండి, తప్పేం లేదు. జాడీకెత్తి మూతికి వాసెనగుడ్డ మాత్రం కట్టకండి.

ఎందుకంటే మామిడి కండలో నూటికి ఎనభై పాళ్లు నీరే. కిలో ముక్కల నీళ్లలో 200 గ్రాముల ఉప్పు కరిగితే దరిదాపు ఇరవై శాతం ఉప్పునీరు తయారవుతుంది. అందులో పడ్డ సూక్ష్మజీవి ఒంట్లో నీరు బయటికి లాగేసుకుంటుంది ఆ ఉప్పు. దానికి కాయ పులుపు, పచ్చి ఆవపిండి ఘాటు తోడు. ఉప్పు సగానికి కోస్తే పది పన్నెండు శాతం దగ్గర ఆగుతుంది. ఆపాటి ఉప్పుని లెక్కచేయని బూజులున్నాయి. అవి ముందు పులుపుని తినేస్తాయి. పులుపు విరిగాక, అప్పటిదాకా గుమ్మం బయట నిలబడ్డవన్నీ లోపలికొస్తాయి.

"మా అమ్మమ్మ ఉప్పు కారంలో సగమే వేసేది, మేమూ అంతే వేస్తే చెడిపోయింది" అనేవాళ్లకి ఒక మాట. సగం అన్నది తూకంలోనా, కొలతలోనా? గ్లాసు ఉప్పు, గ్లాసు కారం కంటే రెట్టింపు పైగానే తూగుతుంది. అందుకే గ్లాసుతో కొలిచేవాళ్లు ఉప్పుని ముప్పావు గ్లాసుకో అర గ్లాసుకో దించుతారు. త్రాసుతో తూచేవాళ్లు సమానంగా వేస్తారు. రెండూ సరైనవే. గ్లాసు వాళ్ల "ఉప్పు అందులో సగం" అన్న మాట చెవినపెట్టి, త్రాసు మీద వంద గ్రాములు తూచినవాడి జాడీయే బూజు పట్టేది. కల్లుప్పుకీ ప్యాకెట్టు సన్న ఉప్పుకీ కూడా గ్లాసు బరువు ఒకటి కాదు. కల్లుప్పు ఎండబెట్టి, దంచి, అప్పుడు తూచండి. తడి ఉప్పు తూస్తే నీళ్లకి డబ్బులిచ్చి మరీ తెచ్చి జాడీలో పోసినట్టే.

బీపీ సంగతి కూడా తేల్చేద్దాం. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పై లెక్కతో కలిపిన పచ్చడి మొత్తం సుమారు రెండు కిలోలు, అందులో ఉప్పు పదోవంతు. అంటే 15 గ్రాముల ఆవకాయలో ఒకటిన్నర గ్రాము. బావగారు కంచంలో సగం ముక్క వేసుకుంటే సరిపోయేదానికి జాడీ మొత్తానికి పథ్యం పెట్టడం ఎందుకు?

కాయ విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. పీచు, పులుపు, గట్టి టెంక ఉండాలి. నాటుకాయో, చిన్నరసమో, జలాలు రకమో చూసుకోండి. పండబారిన కాయకి ఏ లెక్కా పనిచేయదు, ముక్క మెత్తబడుతుంది. ఆవాలు వేయించకూడదు, ఎండలో పెడితే చాలు. వేయిస్తే ఘాటు చచ్చిపోతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, వేడెక్కితే పిండి చేదెక్కుతుంది. తెలంగాణ పద్ధతిలో నూనె కాచి పోసేవాళ్లు పూర్తిగా చల్లారేదాకా ఆగాలి.

అన్నట్టు, ఆ వీడియోలన్నీ ఎక్కడ ముగుస్తాయో గమనించారా? వేడివేడి అన్నం, నెయ్యి, అప్పుడే కలిపిన ఆవకాయ, కళ్లు మూసుకుని "అబ్బ!" ఎవరు కలిపినా ఆ పూట ఆవకాయ బాగానే ఉంటుంది. ఉప్పు సగమైనా బాగుంటుంది, ఇంకా బాగుంటుంది. పరీక్ష శ్రావణంలో. నాలుగు ముసుర్లు పట్టి, గోడలు చెమ్మగిల్లాక వాసెన విప్పినప్పుడు. అప్పుడు కెమెరా పట్టుకుని ఎవరూ రారు. మేలో "అబ్బ" అన్నవారు ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం బూరెలు వండుతూ, పూర్ణంలో బెల్లం తగినంత వేసుకోమంటుంటారు.

అడిగితే ఒకే జవాబు: "అదంతా చేతి మహిమండీ. మా అమ్మమ్మ కొలతలేం చూసేది కాదు, కళ్లతో చూసి వేసేసేది."

అబద్ధం. పచ్చి అబద్ధం. గిద్దెలు, సోలలు, తవ్వలు, మానికలు వంటింట్లో ఎందుకున్నాయి, అలంకారానికా? నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని నోటికి వచ్చిన మనిషి కొలవలేదా? ఏ కొలతతో ముక్కలు పోసిందో అదే కొలతతో కారం పోసింది. ఉప్పుకి ఎంత వెలితిగా పట్టాలో వేలు అడ్డం పెట్టి ఆపింది. నలభై ఏళ్లు అదే సోలతో అదే పని చేస్తే చెయ్యే కొలత అవుతుంది. పొయ్యి వేడిలో, కారం ఘాటులో దగ్గుతూ, ఎండలో ఆవాలు తిరగేస్తూ, తడిచేత్తో ఎవరొచ్చినా కసురుతూ ఆవిడ చేసింది లెక్క. మగవాళ్లు పద్దుపుస్తకంలో రాస్తే దాన్ని విద్య అన్నాం. ఆవిడ సోలతో పోస్తే మహిమ అన్నాం. మహిమ అంటే మనం నేర్చుకోనక్కర్లేదు, రాసుకోనక్కర్లేదు, పక్కన కూర్చుని "ఎంత వేశావే మామ్మా" అని ఒక్కసారి అడగనక్కర్లేదు. ఆవిడ పోయాక ఫొటోకి దండేసి, వీడియోకి ఆవిడ పేరు పెట్టి, ఆవిడకి తెలిసిన ఒక్క అంకె దగ్గర "తగినంత" అని రాస్తారు. మంచం మీంచి ఉప్పు చాలదని చెబుతున్న మనిషి మాట ఇవాళే వినని వాళ్లకి ఆవిడ చేతి మహిమ మీద మాట్లాడే హక్కు ఎక్కడిది?

సరే. తప్పు జరిగిపోయిన ఇళ్లకి ఒక దారుంది, మూడో రోజు. ఆ రోజు వాసెన విప్పి, పొడి గరిటెతో అడుగు నుంచీ తిరగకలపాలి. అప్పటికి ఊట వచ్చి ఉంటుంది, అప్పుడు చూడండి రుచి. కొంచెం ఉప్పనగా తగలాలి. సరిగ్గా ఉందనిపిస్తే చాలలేదనే అర్థం, ఎందుకంటే ముక్క ఇంకా పీల్చుకుంటుంది. కిలో ముక్కలకి 20 గ్రాముల చొప్పున ఎండిన ఉప్పు చల్లి, కలిపి, మర్నాడు మళ్లీ చూడాలి. నీళ్లలో కరిగించి పోసే మహానుభావులున్నారు, వాళ్లకి దండం. తర్వాత నూనె ముక్కల మీద వేలి మందాన తేలాలి. తేలకపోతే ఇంకొంచెం పోయాలి.

శ్రావణంలో తెల్లటి బూజు కనిపించాక మాత్రం దారి లేదు. పైపైన గీకేసి కిందిది తినమనే సలహా కూడా ఆ వీడియోల్లోనే దొరుకుతుంది. బూజు వేళ్లు కనబడే తెలుపు కంటే లోతుకి దిగుతాయి. మొత్తం పారబోసి, జాడీ కడిగి, ఎండలో బోర్లించండి. వచ్చే వేసవికి తూచే త్రాసు కొనుక్కోండి.